సార్క్ సదస్సులు ఎందుకు ఆగిపోయాయి?

ప్రశ్న: దక్షిణాసియా దేశాల సహకార సంస్థ అయిన సార్క్ దేశాధినేతల శిఖరాగ్ర సదస్సు 2014 తర్వాత జరగనే లేదని చదివాను. ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్ దేశాలు ఏటా కలుసుకుంటూంటే మన ఇరుగుపొరుగు దేశాలకు అది ఎందుకు సాధ్యం కావడం లేదు? భారత్, పాకిస్తాన్‌ల వైరమే కారణమా, లేక సంస్థ నిర్మాణంలోనే లోపముందా?
— ఒక పాఠకురాలు, పలాస

జవాబు: వైరం కారణమే. అయితే ఇద్దరి మధ్య వైరం ఎనిమిది దేశాల సంస్థను కదలనీయకుండా చేయగలగడానికి మూలం నియమావళిలో ఉంది. 1985 డిసెంబర్ 8న ఢాకాలో అప్పటి ఏడు సభ్యదేశాలు ఆమోదించిన ఆ పత్రంలోని పదో అధికరణ ప్రకారం అన్ని స్థాయుల్లోనూ నిర్ణయాలు ఏకగ్రీవంగానే జరగాలి. ద్వైపాక్షిక, వివాదాస్పద విషయాలను చర్చకు తీసుకోరాదు. పెద్ద దేశమైన భారత్ తమను శాసిస్తుందేమోనని చిన్న దేశాలకూ, అవన్నీ కలిసి తనపై జట్టు కడతాయేమోనని భారత్‌కూ అప్పట్లో శంక ఉండేది. ఆ నిబంధన ఇరువైపుల భయాన్నీ తీర్చింది కనుకనే సంస్థ పుట్టగలిగింది. కానీ తగవులు మాట్లాడుకోకూడదన్న చోట తగవులు మాయం కావు. అవి బయట పెరిగి, చివరకు సమావేశానికే అడ్డుపడతాయి.

2014 నవంబర్‌లో కాఠ్మండూలో జరిగిన పద్దెనిమిదో సదస్సులో మోటారు వాహనాల ఒప్పందం, రైల్వే ఒప్పందం సిద్ధంగా ఉన్నా, తమ అంతర్గత ప్రక్రియ పూర్తికాలేదని పాకిస్తాన్ చెప్పడంతో అవి ఆగిపోయాయి. విద్యుత్ సహకార ఒప్పందం ఒక్కటే చివరి ఘడియల్లో గట్టెక్కింది. 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసిన పంతొమ్మిదో సదస్సుకు, ఉరీ సైనిక శిబిరంపై దాడి తర్వాత, భారత్ వెళ్లబోనని ప్రకటించింది. బంగ్లాదేశ్, భూటాన్, అఫ్గానిస్తాన్ కూడా అదే దారి పట్టాయి. కాఠ్మండూలోని సచివాలయానికి మాత్రం సభ్యదేశాలను ఒకచోట కూర్చోబెట్టే అధికారం లేదు.

ఏకాభిప్రాయమే మొత్తం లోపమని కూడా అనలేము, ఎందుకంటే ఆసియాన్‌లోనూ నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరుగుతాయి. తేడా పునాదిలో ఉంది. ఇండొనేసియా 1966లో మలేసియాతో ఘర్షణకు ముగింపు పలికి, ఆ మరుసటి ఏడాదే దానితో కలిసి ఆసియాన్‌ను స్థాపించింది. అక్కడ రాజీ ముందు, సంస్థ తర్వాత. మన దగ్గర ఆ క్రమం తిరగబడిందని నా అభిప్రాయం.

మీరు పలాస నుంచి రాశారు కనుక ఒక విషయం చెప్పాలి. 2018 అక్టోబర్‌లో మీ ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తిత్లీ తుపానుకు ఆ పేరు సూచించింది పాకిస్తాన్. ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా-పసిఫిక్ ఆర్థిక, సామాజిక సంఘం కలిసి 1972లో ఏర్పరచిన తుపానుల బృందంలో భారత్, పాకిస్తాన్ రెండూ ఉన్నాయి. అరేబియా సముద్రంలో తుపాను పుట్టినప్పుడు ఢిల్లీలోని మన వాతావరణ శాఖ పాకిస్తాన్‌కూ సూచనలు పంపుతుంది. దేశాధినేతలు కరచాలనం చేసుకునేదాకా ఎదురుచూడనవసరం లేని ఏర్పాటు కనుకనే అది సరిహద్దులో కాల్పులు జరిగిన రోజుల్లోనూ నిలిచింది. సార్క్‌లో అరుదుగా కనిపించేది సరిగ్గా ఇదే: నేతలు అలిగినా ఆగకుండా సాగే పని.

ప్రశ్న: అలాంటప్పుడు సార్క్‌ను వదిలి బిమ్స్‌టెక్‌తో సరిపెట్టుకోవచ్చు కదా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలకు అది సహజమైన వేదికే, సచివాలయం ఢాకాలో ఉంది. కానీ 1997లో మొదలైన ఆ కూటమి తన నియమావళిపై సంతకాలు చేసుకున్నది 2022లో. పైగా అందులో పాకిస్తాన్‌తో పాటు అఫ్గానిస్తాన్, మాల్దీవులు కూడా లేవు. పాకిస్తాన్‌ను పక్కన పెట్టబోయి మాల్దీవులను దూరం చేసుకోవడం మనకు మేలు కాదు. చిన్న జట్లుగా సాగే సహకారానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను: 2024 అక్టోబర్‌లో కుదిరిన త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం నేపాల్ తన జలవిద్యుత్తులో 40 మెగావాట్లను భారత గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు అమ్ముతోంది. అయినా సార్క్‌ను రద్దు చేయాలనడం తొందరపాటు. శ్రీలంక విదేశీ మారక ద్రవ్యం అడుగంటిన 2022 జనవరిలో భారత రిజర్వు బ్యాంకు ఆ దేశానికి 40 కోట్ల డాలర్లు అందించింది సార్క్ కరెన్సీ మార్పిడి ఏర్పాటు కిందనే.