ఆయాసానికి పొద్దున దాకా ఆగొచ్చా? ఆక్సిమీటర్‌లో 95 ఉన్నా సరే, ఆగొద్దు

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి 67 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి, ఉబ్బసం లేదు. రెండు రోజులుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నిన్నటి నుంచి పడుకుంటే ఊపిరాడక గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చునే కునుకు తీస్తున్నారు. ఆక్సిమీటర్ 95 చూపిస్తోంది, అమ్మగారు గ్యాస్ అంటున్నారు, పొద్దున క్లినిక్ తెరిచేదాకా ఆగొచ్చా అని.

ఆగొద్దండి. ఈ రాత్రే ఈసీజీ, ఆక్సిజన్, ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

నడిస్తే వచ్చే ఆయాసం కంటే పడుకుంటే వచ్చే ఆయాసం ఎక్కువ భయపెట్టాలి. గుండె సరిగా పంప్ చేయలేనప్పుడు, వెల్లకిలా పడుకోగానే కాళ్లలో ఉన్న నీరూ రక్తమూ పైకి చేరి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెంచుతాయి. కూర్చుంటే కాస్త దిగుతుంది. అందుకే దిండ్లు ఒకటి రెండై, రెండు మూడవుతాయి. నిద్రపట్టిన గంటా రెండు గంటలకు ఉలిక్కిపడి లేచి కిటికీ దగ్గరికి వెళ్తున్నారా, పాదాల వాపు ఉందా, మూడు రోజుల్లో 2 కిలోల బరువు పెరిగారా చూడండి. ఇవి ఉంటే నీరు చేరుతోందన్న అనుమానం బలపడుతుంది. దగ్గుతో గులాబి రంగు నురగ పడితే మాత్రం ఇంకేమీ చూడకుండా 108కి ఫోన్ చేయాలి.

షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి ఇంకో చిక్కుంది. నరాలు దెబ్బతినడం వల్ల గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, చల్లటి చెమటలు, వికారం, చెప్పలేనంత నీరసం, అంతే కనిపిస్తాయి. దాన్నే మన ఇళ్లలో గ్యాస్ అనేస్తారు. సోడా తాగితే త్రేన్పు వచ్చింది, తేలికపడింది అంటారు. త్రేన్పులు గుండెపోటులో కూడా వస్తాయి కాబట్టి అది ఏ రుజువూ కాదు. వాట్సాప్‌లో తిరిగే 'గుండెపోటు కిట్' చూసి సార్బిట్రేట్ నాలుక కింద పెట్టేయకండి. బీపీ అప్పటికే పడిపోయి ఉంటే అది ఇంకా పడిపోతుంది, మనిషి స్పృహ తప్పొచ్చు. ఆస్పిరిన్ సంగతి 108 వాళ్లనో డాక్టర్నో ఫోన్లో అడిగి, వాళ్లు చెబితేనే ఇవ్వండి.

ఇక ఆ 95 గురించి. ఆక్సిమీటర్ చెప్పేది రక్తంలో ఆక్సిజన్ ఎంత నిండిందని మాత్రమే. దాన్ని నిలబెట్టడానికి ఒళ్లు ఎంత కష్టపడుతోందో చెప్పదు. నిమిషానికి 16 సార్లు ఊపిరి తీస్తూ 95 ఉన్న మనిషి వేరు, 30 సార్లు రొప్పుతూ 95 ఉన్న మనిషి వేరు. రెండో మనిషి అలిసిపోయిన క్షణాన ఆ అంకె జారిపోతుంది. రక్తం బాగా తక్కువైనవాళ్లకి, షుగరు విపరీతంగా పెరిగి రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) చేరినవాళ్లకి 98 ఉన్నా ప్రమాదమే. కీటోన్ల విషయంలో ఊపిరి లోతుగా, వేగంగా ఉంటుంది, నోట్లోంచి మగ్గిన పండు వాసన రావచ్చు, ఛాతీలో చప్పుడేమీ ఉండదు. మూసిన బాత్రూంలో గ్యాస్ గీజరు వల్లో, గదిలో బొగ్గుల కుంపటి వల్లో కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవాళ్లకి ఆక్సిమీటర్ అబద్ధమే చెబుతుంది, ఆ విషవాయువును కూడా ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది.

కొలిచేటప్పుడు వేలు వెచ్చగా ఉండాలి. నెయిల్ పాలిష్, ముదురు మెహందీ ఉంటే వేరే వేలు చూడండి. చెయ్యి కదపకుండా ఒక నిమిషం ఉంచి, అంకె నిలబడ్డాకే రాసుకోండి. నలుపు ఛాయ చర్మం మీద ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. మామూలుగా 95 నుంచి 100 ఉండాలి. 94 కంటే తగ్గితే అదే రోజు డాక్టరు చూడాలి, 90 దగ్గరికొస్తే ఎమర్జెన్సీ. ఎప్పుడూ 98 ఉండే మనిషికి హఠాత్తుగా 94 అయినా కబురు పెద్దదే. పొగతాగి పాడైన ఊపిరితిత్తులవాళ్లకి, అంటే సీఓపీడీకి, లెక్క వేరు: చాలామందికి 88 నుంచి 92 మధ్య ఉంచుతారు. వాళ్లకి ఇంట్లో సిలిండర్ ఉంటే, అంకె పెంచాలని ఆక్సిజన్ ఎడాపెడా పెంచకండి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోవచ్చు.

మిషను కంటే ముందు మనిషిని చూడాలి. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు చెప్పి లెక్కపెడితే వాళ్లకి తెలియకుండానే మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, పూర్తిగా 60 సెకన్లు, పొట్టో ఛాతీయో ఎన్నిసార్లు లేస్తుందో చూడండి. పెద్దవాళ్లకి 12 నుంచి 20 మామూలు. కదలకుండా కూర్చున్నప్పుడే 25 దాటితే కంగారు పడాల్సిందే, 30 అయితే అంబులెన్స్. తర్వాత మాట్లాడించండి. "ఈ రోజు ఏం తిన్నారు?" అని అడిగితే ఒక వాక్యం ఆపకుండా చెప్పగలగాలి. రెండు మాటలకోసారి ఆగి గాలి తీసుకుంటుంటే అంకెతో పనిలేదు. డొక్కలు ఎగరేయడం, మెడ నరాలు ఉబ్బి గొంతు కింది గుంట లోపలికి పోవడం, పెదాలు నీలంగానో బూడిద రంగులోనో కనబడటం, ఒళ్లు చల్లబడి చెమటలు పట్టడం, మాట తడబడటం, నిద్రమత్తులోకి జారడం, వీటిలో ఏ ఒక్కటున్నా 108. ఇందాకటి దాకా రొప్పిన మనిషి ఉన్నట్టుండి నిదానించి మగతగా పడుకుంటే "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటారు. అది తగ్గడం కాదు, అలిసిపోవడం. క్యాజువాలిటీకి ఆలస్యంగా తెచ్చినవాళ్ల విషయంలో ఎక్కువగా వినేది ఈ మాటే.

ఉబ్బసం ఉన్నవాళ్లలోనూ ఇలాంటి మోసమే. పిల్లికూతలు ఆగిపోయి ఆయాసం మాత్రం అలాగే ఉంటే, గాలి లోపలికి వెళ్లడమే దాదాపు ఆగిందని అర్థం. ఉబ్బసం దాడిలో అస్థాలిన్ లాంటి నీలం ఇన్‌హేలర్ (100 మైక్రోగ్రాములది) స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) పెట్టి, ఒక్కో పఫ్ కొట్టి, నాలుగైదు ఊపిర్లు తీసుకున్నాక ఇంకొకటి, అలా 4 నుంచి 10 పఫ్‌ల వరకు ఇవ్వాలి. 15, 20 నిమిషాల్లో తేలికపడకపోయినా, తగ్గినట్టే తగ్గి నాలుగు గంటలు తిరక్కుండా మళ్లీ అవసరమైనా ఆసుపత్రికే. బండి వచ్చేదాకా ప్రతి 20 నిమిషాలకూ పఫ్‌లు కొనసాగించండి. ఇక్కడ జరిగే పొరపాట్లు నాలుగు: రెండు పఫ్‌లు ఒకేసారి కొట్టేయడం, ఊపకుండా కొట్టడం, బుడెకార్ట్ లాంటి రోజువారీ స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను దాడిలో వాడటం, రోటాక్యాప్ (పొడి మందు గొట్టం) మీదే ఆధారపడటం. రోటాక్యాప్ పొడి లోపలికి పోవాలంటే గట్టిగా పీల్చాలి, ఆ సమయంలో పీల్చే బలమే ఉండదు. ఇన్‌హేలర్‌లో మందు ఉందో లేదో నీళ్లలో తేల్చి చూడటం పనికిరాదు, మందు అయిపోయినా గ్యాస్ మిగిలి చప్పుడు వస్తుంది. మృగశిర కార్తెకు చేప మందు వేయించుకున్నామని ఇన్‌హేలర్ మానేయకండి. రెండూ ఒకటి కాదు. మీ నాన్నగారికి ఉబ్బసం లేదంటున్నారు కాబట్టి పక్కింటివాళ్ల ఇన్‌హేలర్ తెచ్చి కొట్టకండి. గుండె బలహీనమై ఊపిరితిత్తుల్లో నీరు చేరినా పిల్లికూతలు వస్తాయి.

అప్పటిదాకా బాగున్న మనిషికి నిమిషాల్లో ఆయాసం వస్తే ముందు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. మోకాలి ఆపరేషనో కాన్పో అయిందా? పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, విమానంలో గంటల తరబడి కూర్చుని వచ్చారా? ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా ఉందా? అయితే కాల్లోని రక్తపు గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండొచ్చు. ఇంజెక్షనో కందిరీగ కుట్టడమో జరిగి దద్దుర్లు, పెదాల వాపు వస్తే అలర్జీ. అప్పుడు సిట్రిజిన్ మింగి ఎదురుచూస్తే గొంతు వాపు తగ్గదు, తొడలో అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. పొలంలో పాము కాటేశాక కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలైతే తర్వాత ఆగేది ఊపిరే. వెంటిలేటర్, పాము విషానికి విరుగుడు రెండూ ఉన్నచోటికే నేరుగా పోవాలి.

చంటిపిల్లల లెక్క వేరు. రెండు నెలల లోపు నిమిషానికి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40 దాటితే వేగమే. పాలు తాగలేకపోవడం, ప్రతి ఊపిరికీ మూలగడం, పక్కటెముకల కింద గుంటపడటం చూస్తే ఆవిరి పట్టడంతో కాలం గడపకండి.

బండి వచ్చేలోపు కూర్చోబెట్టి, ముందుకు వంగి బల్ల మీద మోచేతులు ఆనించుకోనివ్వండి. పడుకోమని బలవంతం చేయకండి. బొత్తాలు వదులు చేయండి, చుట్టూ మూగకండి, నీళ్లు తాగించకండి. ఇద్దరి మధ్య కూర్చోబెట్టి బైకు మీద తీసుకెళ్లొద్దు. దారిలో స్పృహ తప్పితే పట్టుకోలేరు, 108లో ఆక్సిజన్ ఉంటుంది. ముందు ఆర్‌ఎంపీ దగ్గర డెరిఫిలిన్ ఇంజెక్షన్ వేయించి చూద్దామనుకుంటే గంటో రెండో పోతాయి. ఫోన్లో ముందుగా ఊరు, గుర్తు, వయసు చెప్పి, తర్వాత "రెండు మాటలకోసారి ఆగుతున్నారు" లాంటి కచ్చితమైన మాట చెప్పండి. "ఆయాసంగా ఉంది" అంటే తీవ్రత తెలియదు. మందుల స్ట్రిప్పులు, పాత ఈసీజీ, ఆరోగ్యశ్రీ కార్డు ఒక కవర్లో వేసుకోండి.

అక్కడికి చేరాక పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. తీయకపోతే అడగండి. మొదటి ఈసీజీ బాగున్నా గుండెపోటు లేదని తేలిపోయినట్టు కాదు. ఇంటికి పంపిస్తామంటే, ఈసీజీ మళ్లీ తీస్తారా, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్త పరీక్ష) రెండోసారి ఎన్ని గంటలకు చేస్తారు అని అడిగి, ఆ రిపోర్టు వచ్చేదాకా అక్కడే ఉండండి.