పోస్ట్‌డాక్‌కి సీటు ఉండదు, ఉద్యోగం ఉంటుంది

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో మెటీరియల్స్ సైన్స్‌లో పీహెచ్‌డీ థీసిస్ సమర్పించింది. జర్మనీలో, డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీలో పోస్ట్‌డాక్ చేస్తానంటోంది. ఫీజు కడితే సీటు ఖాయమని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. తనకు 29 ఏళ్లు, సంబంధాలు వస్తున్నాయి. పంపమంటారా? ఇక్కడే లెక్చరర్‌గా చేరడం మేలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ ఫీజు కట్టకండి. పోస్ట్‌డాక్ అంటే చదువు సీటు కాదు, పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం. ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టు డబ్బు ఉండి, మీ అమ్మాయికి వచ్చిన పని ఆయనకు అవసరమైతే ఉద్యోగం ఇస్తారు. మధ్యలో ఎవరూ ఖాయం చేయలేరు. డ్రెస్డెన్, మ్యూనిక్, ఆహెన్ లాంటి టెక్నికల్ యూనివర్సిటీలు ఖాళీలను తమ వెబ్‌సైట్లలోనే పెడతాయి. యూరప్‌లో పరిశోధన ఉద్యోగాలు చూపించే యూరాక్సెస్ పోర్టల్‌లోనూ వెతకొచ్చు. పైసా ఖర్చుండదు.

ఆ ప్రకటన ఒకటి తెరిచి అమ్మాయితో కలిసి చదవండి. 'ఇ 13 టీవీ-ఎల్' అని కనిపిస్తుంది. అది అక్కడి రాష్ట్రాల ఉద్యోగుల జీతాల స్కేలు. దాని దగ్గర్లోనే 'బెఫ్రిస్టెట్' అని ఉంటే, గడువు తీరగానే ఉద్యోగం అయిపోతుందని అర్థం. నా భయమంతా ఆ మాట గురించే. 2007 నాటి చట్టం ప్రకారం పీహెచ్‌డీ తర్వాత ఇలాంటి గడువు ఉద్యోగాల్లో మామూలుగా 6 ఏళ్లే ఉంచగలరు. ఆలోపు ప్రొఫెసర్ పోస్టు దొరికేది కొద్దిమందికే. 2021లో అక్కడి పరిశోధకులే 'నేనే హన్నా' అనే హ్యాష్‌ట్యాగ్‌తో తమ గోడు వెళ్లబోసుకున్నారు (ఆ చట్టాన్ని వివరించే ప్రభుత్వ వీడియోలోని పరిశోధకురాలి పేరు హన్నా). ఒక పోస్ట్‌డాక్ అయ్యాక ఇంకొకటి, దాని తర్వాత మరొకటి చేసి, ఏం చేయాలో తోచక నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. అందుకే వెళ్లేముందే ఒక గడువు పెట్టుకోమంటాను. రెండు మూడేళ్లు చాలు. ఐఐటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1కి పీహెచ్‌డీ తర్వాత 3 ఏళ్ల అనుభవం అడుగుతారు, మూడేళ్లు చేస్తే ఆ లెక్కకూ సరిపోతుంది.

ఇక మెయిల్ సంగతి. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టి ఒకటే మెయిల్ వందమందికి పంపితే ఎవరూ జవాబివ్వరు. ఒక ప్రొఫెసర్‌ని ఎంచుకుని, ఆయన ఈమధ్య రాసిన రెండు పేపర్లు చదివి, తను ఏ పరికరం మీద ఏం కొలిచిందో, అది ఆయన పనికి ఎక్కడ పనికొస్తుందో నాలుగు వాక్యాల్లో రాయాలి. ప్రొఫెసర్‌కి ఆసక్తి ఉన్నా నిధులు లేకపోతే, విదేశీ పరిశోధకులకు జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషన్ ఇచ్చే హంబోల్ట్ ఫెలోషిప్ ఉంది. ఆయన ఒప్పుకుంటే ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు చేయొచ్చు, 2 ఏళ్ల దాకా ఇస్తారు.

ఇప్పుడు మీతో ఒక మాట. సంబంధాల గురించి రాశారు, అమ్మాయి ఏం కనిపెట్టిందో ఒక్క ముక్క రాయలేదు. అయిదారేళ్లు ల్యాబ్‌లో కష్టపడిన పిల్లని ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగారా? పెళ్లికి ఇది అడ్డు కాదు. అక్కడ పరిశోధకురాలి వీసా ఉంటే భర్త కూడా వెళ్లొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. లెక్చరర్ ఉద్యోగం ఎక్కడికీ పోదు, తిరిగి వచ్చాకా చేరొచ్చు. టెన్షన్ పడకండి, పిల్ల తప్పు దారిలో లేదు.

ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి. మెయిల్ డ్రాఫ్టు, సీవీ జతచేస్తే నేను చూసి దిద్ది పంపుతాను.