మందలిస్తే దాచుకుంటారు

ప్రశ్న: 76 ఏళ్ల మా అమ్మగారు, బ్యాంకు అధికారినంటూ ఫోన్ చేసినవాడికి ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నారు. గట్టిగా మందలించాం. ఇప్పుడు మాతో ఏదీ చెప్పడం లేదు.

జవాబు: ముందుగా ఆ మందలింపు మానండి, సిగ్గుతో దాచుకునేవారినే మోసగాళ్లు, పోయిన సొమ్ము రాబట్టి ఇస్తామంటూ, రెండోసారి వెతుక్కుంటూ వస్తారు. బ్యాంకుకూ పోలీసులకూ ఇంకా తెలియజేయకపోతే ఈరోజే తెలియజేయండి, ఎందుకంటే ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. అవతలివారు తొందరపెడుతూ, ఎవరికీ చెప్పవద్దంటే అది మోసమేననుకుని, ఫోన్ పెట్టేసి, కార్డు వెనకనున్న నంబరుకు తామే చేయాలని ఆమెకు నెమ్మదిగా వివరించండి. అలాగని ఖాతాను మీ చేతుల్లోకి తీసుకోకండి (సొంతవాళ్ల చేతిలో మోసపోయే వృద్ధులూ తక్కువేమీ కాదు). పెద్ద మొత్తం కదిలినప్పుడు మీకూ సందేశం వచ్చేలా, ఆమె అంగీకారంతోనే, బ్యాంకులో ఏర్పాటు చేయించండి.