అన్నతో మూడేళ్లుగా మాటల్లేవు, క్రిస్మస్‌కి పాస్టరుగారితో ప్రార్థన పెట్టించి కలవొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నాన్న పోయాక మూడెకరాల ఇరవై గుంటల దగ్గర అన్నతో చెడింది. జ్ఞాపకార్థ కూడిక నాడు నలుగురిలో మీరు అన్నను "దొంగ" అన్నారు. ఇద్దరూ దేవరకొండ దగ్గర ఒకే సంఘంలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకుంటున్నారు, పలకరింపు మాత్రం లేదు.

ప్రార్థన ఇప్పుడే పెట్టించకండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరి ముందు చేతులు కలిపినవాళ్లు సంక్రాంతికల్లా మళ్లీ ముఖాలు తిప్పుకోవడం మన సంఘాల్లో చూస్తున్నదే. మీ దగ్గర తెగాల్సినవి రెండున్నాయి, ఒకటి మాట, ఒకటి పొలం. రెంటినీ ఒకే రోజు కూర్చోబెట్టి తేలుద్దామంటే రెండూ చెడతాయి.

ముందు మాట. మత్తయి 18:15లో తప్పు భరించినవాడు పోవాలని ఉంది. 5:23, 24లో సహోదరుడికి తన మీద ఏదో ఉందని గుర్తొచ్చినవాడు అర్పణ అక్కడే వదిలి పోవాలని ఉంది. తప్పెవరిదైనా బయలుదేరాల్సింది మీరే. అదీ "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు". ఆదివారం వద్దు, పత్తి ఏరే రోజుల్లో వద్దు. ఫోన్ చేసి చెప్పి, పొద్దున్నే పోండి. ఏం చెప్పబోతున్నారో ముందే మీ ఇంట్లో ఆమెకు చెప్పండి. తర్వాత ఇంకెవరి నోటో వింటే కొత్త గొడవ అక్కడ మొదలవుతుంది.

అక్కడ అనాల్సింది ఇంతే: "అన్నా, కూడిక నాడు అందరి ముందు నిన్ను దొంగ అన్న. అట్ల అనుడు నా తప్పు." అక్కడ ఆగిపోండి. "కానీ నువ్వు కూడా" అన్న ముక్క వచ్చిందా, అంతకుముందు అన్నదంతా పోతుంది. ఆ రోజు పొలం ఊసే వద్దు. ఆయన ఎత్తినా "దాని గురించి ఇంకో రోజు కూసుందాం" అనండి. నలుగురిలో అన్న మాట కాబట్టి, ఆ నలుగురి ముందు కూడా ఒకసారి ఒప్పుకోవాలి. కానీ అది అన్న సరే అన్నాకే.

తలుపు తియ్యకపోతే 18:16 ప్రకారం ఒకరిద్దరిని తీసుకెళ్లండి. మీ మామగారు, బామ్మర్ది మాత్రం వద్దు, వాళ్లు మీ తరఫు మనుషులే అవుతారు. ఎవరి మాట అన్న తీసెయ్యడో అలాంటి సంఘ పెద్ద ఒకరు చాలు. పాస్టరుగారి వంతు ఆ తర్వాతే. ఈ క్రమం మన పాలమూరు, దేవరకొండ ఎంబీ (మెన్నోనైట్ బ్రదరన్) సంఘాలకు కొత్తది కాదు, వాటి మూలమైన మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు మత్తయి 18నే క్రమశిక్షణకు ఆధారం చేసుకున్నారు.

పొలానికి మాత్రం పాస్టరుగారిని కూర్చోబెట్టకండి. ఆస్తి పంచమని ఒకడు అడిగితే లూకా 12లో యేసే ఆ పని మీద వేసుకోలేదు. దీనికి కావాల్సింది లెక్క. క్రైస్తవులకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టంలో, వీలునామా లేకపోతే, భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు సమానం. కొడుకు, కూతురు తేడా లేదు. అంటే మీ 140 గుంటల్లో (ఎకరాకు 40 గుంటలు) అమ్మకు 46 పైచిలుకు, మీ ఇద్దరికీ చెల్లెకూ తలా 31. కాగితాల్లో మతం హిందూ అని ఉన్న ఇళ్లలో లెక్క మారవచ్చు, వకీలుకు చూపించుకోండి. కట్నం ఇచ్చాం కదా అని చెల్లెను పక్కన పెట్టి మీరిద్దరూ కలిస్తే, అది ఇంకో తగాదాకు విత్తనం వేసినట్టే.

పట్టా ఒక్కరి పేరునే ఉంటే ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం, రైతు భరోసా కూడా లెక్కలోకి రావాలి. ఎకరాకు పంటకు 6,000 చొప్పున మీ పొలానికి 21,000. చిన్నదే అనిపిస్తుంది, కడుపులో మంట ఎక్కువగా అక్కడే. తెల్ల కాగితం మీద రాసుకుని ఊరుకోకండి, భాగ పంపకం తహసీల్దారు ఆఫీసులో రిజిస్టర్ చేయించండి.

బోరు ఎవరి వాటాలో పడ్డా నీళ్ల వంతు అదే కాగితంలో రాయండి: వారంలో ఎవరికి ఏ రోజులు, మోటారు కాలితే వైండింగ్ ఖర్చు ఎవరెంత. స్టార్టర్ డబ్బాకు తాళాలు రెండు చేయించి ఒకటి అన్న చేతికి, ఇంకోటి మీ చేతికి.

అన్న అప్పటికీ రాకపోతే, రోమా 12:18లో "శక్యమైతే" అన్న మాట ఉంది చూడండి. మీ చేతిలో ఉన్నంతవరకే. అమ్మకు మందులు తెచ్చేటప్పుడు ఆయన గుమ్మం ముందు నుంచే పోతూ "బాగున్నవా అన్నా" అనడం మాత్రం మానకండి. జవాబు వచ్చినా, రాకపోయినా.