ఓడ దిగి వచ్చేస్తానంటోంది... రమ్మనాలా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పాపకు 20 ఏళ్లు, కాలేజీలో మూడో సంవత్సరం. ఈ సెమిస్టర్ ఓడలో తిరుగుతూ చదివే ప్రోగ్రామ్‌కి వెళ్తానని పట్టుబట్టి మరీ వెళ్లింది. థాయ్‌లాండ్‌లో ఎక్కింది. ఓడ కొచ్చి వచ్చినప్పుడు మా అత్తగారూ మామగారూ గుంటూరు నుంచి రైల్లో వెళ్లి, ఉన్నన్ని రోజులూ దాంతోనే గడిపారు. అప్పటిదాకా హుషారుగా ఉన్న పిల్ల తర్వాత ముభావంగా అయిపోయింది. మొన్న కేప్‌టౌన్‌లో దిగి వీడియో కాల్ చేసి ఒకటే ఏడుపు. ‘నాకిక్కడ ఎవరూ లేరు, వచ్చేస్తా’ అంటోంది. తోటివాళ్లంతా బోలెడు ఖర్చు పెట్టి సఫారీకి వెళ్లారట. మావారేమో ‘ముప్పై వేల డాలర్ల పైన కట్టాం, పూర్తి చేసే రావాలి’ అంటున్నారు. నాకు కంటి మీద కునుకు లేదు. వచ్చే వారం ఓడ ఘనా చేరుతుంది. నేనే అక్కడికి వెళ్లి తీసుకొచ్చేయనా?

జవాబు: ముందు ఘనా సంగతి తేల్చేద్దాం. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేనిదే ఆ దేశంలోకి రానివ్వరు. టీకా వేయించుకున్నాక పది రోజులకు గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. పైగా వీసా కావాలి. మీరు ఇవాళే పరుగెత్తినా, మీరు దిగేసరికి ఓడ వెళ్లిపోయి ఉండవచ్చు. కాబట్టి టికెట్ల వెబ్‌సైట్ మూసేసి, కాసేపు మీ అమ్మాయి గురించి ఆలోచిద్దాం.

మీరు రాసినదాంట్లో అసలు విషయం కొచ్చి దగ్గరే ఉందనిపిస్తోంది. ఇలాంటి ఓడల్లో చదువు ఎలా సాగుతుందో తెలిస్తే మీకూ అలాగే అనిపిస్తుంది. 1963 నుంచి నడుస్తున్న ‘సెమిస్టర్ ఎట్ సీ’ అనే ప్రోగ్రామ్‌నే తీసుకోండి. సముద్రం మీద ఉన్న రోజుల్లో క్లాసులు జరుగుతాయి, శని, ఆదివారాలన్న లెక్క ఉండదు. రేవు చేరితే మామూలు క్లాసులు ఆగిపోతాయి. ఒక్కో కోర్సుకు ఒక ఫీల్డ్ క్లాస్ (ఊళ్లోకి తీసుకెళ్లి చెప్పే పాఠం) మాత్రం ఏదో ఒక రేవులో తప్పనిసరి. మిగతా టైమంతా పిల్లలదే. నలుగురైదుగురు జట్టుగా ఊళ్లోకి పోతారు, దారి తప్పుతారు, ఆటోవాడితో బేరమాడతారు, ఎవరికో కడుపు పాడైతే మిగతావాళ్లు మందుల షాపు వెతుకుతారు. ఓడెక్కాక భోజనాల దగ్గర వారం రోజులు అవే కబుర్లు. స్నేహాలు కుదిరేది ఒడ్డు మీద, ముదిరేది ఆ టేబుళ్ల దగ్గర.

కొచ్చిలో మీ అమ్మాయి తాతయ్య, నాయనమ్మలతో ఉంది. అలా ఉండటం ఎంతో బాగుంది కూడా. కానీ కేబిన్‌లో తనతో ఉండే అమ్మాయి, మిగతా స్నేహితులు ఆ రోజుల్లో ఏ అలెప్పీ పడవల మీదో ఉండి ఉంటారు. తిరిగొచ్చాక వాళ్ల జోకుల్లో మీ అమ్మాయికి చోటు లేదు. ఆపైన కేప్‌టౌన్ దాకా రోజుల తరబడి నీళ్లు తప్ప మరేమీ కనిపించని ప్రయాణం. ఇది నా ఊహే, నిజమో కాదో తననే అడగండి. ‘ఎందుకలా ఉన్నావు?’ అని కాదు, ‘కొచ్చిలో మీ వాళ్లంతా ఎటెళ్లారు?’ అని అడగండి. అప్పుడు అసలు సంగతి దానంతటదే బయటికొస్తుంది. మధ్యలో భూమధ్యరేఖ దాటిన రోజున ఈ ఓడల్లో ఒక సంబరం చేస్తారు. పిల్లల మీద ఏవో రంగునీళ్లు కుమ్మరిస్తారు, చేపకు ముద్దు పెట్టమంటారు, కొందరు ఆడపిల్లలు కూడా సరదాగా గుండు చేయించుకుంటారు (తిరుపతి మొక్కేమీ కాదు, కంగారు పడకండి). ఆ రోజు మీ అమ్మాయి డెక్ మీద ఉందా, కేబిన్‌లో ఉండిపోయిందా? అదీ మాటల్లో కనుక్కోండి.

అయితే ఈ అడగడాలన్నీ ఓడ రేవులో ఉన్నప్పుడే. సముద్రం మీద ఇంటర్నెట్ సరిగ్గా అందకపోవచ్చు. రెండు రోజులు మెసేజ్ రాకపోతే దిగులుగా ఉందని అర్థం చేసుకోనక్కర్లేదు. అలాగే రేవులో సిగ్నల్ అందగానే మనసులో దాచుకున్నదంతా ఒక్క కాల్‌లో కక్కేస్తారు. ఫోన్ పెట్టేసి, మొహం కడుక్కుని తను భోజనానికి వెళ్లిపోయి ఉండవచ్చు. ఇక్కడ తెల్లవార్లూ మేలుకుని ఉన్నది మీరు.

మీవారు చెప్పేదాంట్లో ఒక్కటి నిజం. మధ్యలో దిగిపోతే డబ్బు మాట అటుంచి, సెమిస్టర్ క్రెడిట్లు పోయే ప్రమాదం ఉంది. కానీ ‘ఇంత కట్టాం’ అనే మాట 20 ఏళ్ల పిల్ల చెవికి ‘నీకన్నా డబ్బే ముఖ్యం’ అనే వినిపిస్తుంది. ఆ మాట ఆయన ఇంకోసారి అనకుండా చూడండి. క్రెడిట్ల సంగతి కాలేజీలో తన అడ్వైజర్‌కి మెయిల్ రాసి తననే కనుక్కోమనండి. మీరు మాత్రం ‘వచ్చెయ్’ అనొద్దు, ‘రావద్దు’ అనీ అనొద్దు. ‘ఘనా అయ్యాక మళ్లీ మాట్లాడుకుందాం. అప్పటికీ రావాలనిపిస్తే నేను టికెట్ కొంటాను’ అని చెప్పి, ఆ మాట మీద నిలబడండి. తలుపు తీసే ఉందని తెలిస్తే చాలామంది పిల్లలు లోపలే కూర్చుంటారు.

సఫారీ విషయానికొస్తే, మీ అమ్మాయి ఒక్కతే డబ్బు చూసుకుని ఆగిందనుకోకండి. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు ఓడలో ఇంకా ఉంటారు, వాళ్లే తనకు కావలసినవాళ్లు. కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్‌ని కేబుల్ కార్ టికెట్ కొనకుండా నడిచి కూడా ఎక్కొచ్చు. ఘనాలో ఒకప్పుడు బానిసలను ఓడలెక్కించిన కేప్‌కోస్ట్ కోట చూడటానికి సఫారీ అంత ఖర్చవదు. రేవు చేరేలోపే ఇద్దరిని పిలిచి ప్లాన్ వేసుకోమనండి. దిగాక చూద్దామనుకుంటే అప్పటికి జట్లన్నీ కట్టేసుకుని ఉంటారు. ఒక్కో రేవుకు ఇంత అని మీరు కొంత పంపినా తప్పులేదు.

ఓడలో డాక్టరు, కౌన్సెలర్, పిల్లల బాగోగులు చూసే సిబ్బంది ఉంటారు. పెద్ద వయసు ప్రయాణికులూ, ప్రొఫెసర్లూ నలుగురైదుగురు విద్యార్థులను తమ ‘ఫ్యామిలీ’గా కలుపుకుని వారానికోసారి కలిసి భోంచేసే ఏర్పాటు కూడా ఉంటుంది. అందులో ఇప్పుడైనా చేరొచ్చేమో అడగమనండి. ఇంటి బెంగకు అది బాగా పనిచేస్తుంది. తను మేజర్ కాబట్టి కౌన్సెలర్ తనతో మాట్లాడినవి మీకు చెప్పరు. కానీ మీకు తెలిసింది మీరు వాళ్లకు చెప్పొచ్చు. తను తిండి మానేసినా, రోజుల తరబడి నిద్రలేకపోయినా, క్లాసులకు వెళ్లకపోయినా, ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాట ఒక్కటి వినిపించినా, పైన చెప్పినవన్నీ పక్కనపెట్టి ఆ క్షణమే ప్రోగ్రామ్ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి.

కొచ్చి గురించి నేను రాసింది మీ అత్తగారి చెవిన పడనివ్వకండి. అంత దూరం రైల్లో వెళ్లిన మనిషి, ఊరికే బాధపడతారు.

ఇక మీకు వెళ్లాలనే ఉంటే, ఓడ చివరిగా ఆగే రేవుకు వెళ్లండి. అది ఏ జర్మనీయో అయి, మీది ఇండియన్ పాస్‌పోర్టయితే షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) అపాయింట్‌మెంట్ ఇప్పుడే చూసుకోవాలి. అంతకన్నా ముందు అమ్మాయిని అడగండి. ఫ్రెండ్స్‌తో ఇంకో నాలుగు రోజులు తిరిగొస్తానంటే మీ ప్రయాణం మానుకుని, నెవార్క్ ఎయిర్‌పోర్టుకు వెళ్లి తెచ్చుకోండి.