తలుపు గడియ ఎటువైపు ఉండాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ప్రైవేట్ స్కూలండి, ఎల్‌కేజీ నుంచి టెన్త్ దాకా. అమెరికా స్కూళ్ళల్లో కాల్పుల వార్తలు చూసి, మన పిల్లల సేఫ్టీ సంగతేంటని మొన్న మీటింగ్‌లో పేరెంట్స్ గట్టిగా పట్టుకున్నారు. ఈలోపు ఒక సేల్స్ కుర్రాడొచ్చి ఇనప కడ్డీ చూపించాడు, తలుపు వెనకాల నేలలో కన్నం పెట్టి అందులో దింపితే ఏనుగు తోసినా తెరుచుకోదంట. గదికొకటి పెట్టించమంటారా?
– ఒక కరస్పాండెంట్

జవాబు: వద్దండీ. ఏనుగు సంగతి సరే, లోపలున్న రెండో క్లాసు పిల్ల దాన్ని తియ్యగలదా అని ఆ కుర్రాణ్ణి అడగాల్సింది. టీచరు కళ్ళు తిరిగి పడిపోయారనుకోండి, గదిలో పొగ కమ్మేసిందనుకోండి, అప్పుడు ఎవరు వంగి ఆ కడ్డీ వెతుకుతారు, ఎవరు పైకి లాగుతారు? బయటినుంచి ఫైర్ వాళ్ళొచ్చినా తలుపు పగలగొట్టాల్సిందే. పైగా చెడ్డ ఉద్దేశంతో లోపలికి దూరినవాడే అది దింపేసుకుంటే మనమే వాడికి కోట కట్టిచ్చినట్టు.

అమెరికా పేరు ఎత్తారు కాబట్టి అక్కడి సంగతే చెప్తాను. 2012లో శాండీ హుక్ స్కూల్లో కాల్పులు జరిగాక వేసిన కమిషన్, క్లాస్‌రూమ్ తలుపు లోపలినుంచే లాక్ అవ్వాలని చెప్పింది, ఎందుకంటే అక్కడ టీచరు వరండాలోకొచ్చి తాళంచెవితో వేస్తేనే లాక్ పడేది. ఆ తర్వాతే ఈ కడ్డీలూ అడ్డబిళ్ళలూ అమ్మేవాళ్ళు బాగా పెరిగారు. అయినా అక్కడి ఫైర్ కోడ్ మెత్తబడలేదు. ఎన్‌ఎఫ్‌పీఏ 101 అని, మంటలొస్తే జనం ప్రాణాలతో బయటపడడానికి అక్కడి అగ్నిభద్రతా సంఘం రాసే నిబంధనల పుస్తకం ఉంటుంది, దాని 2018 ఎడిషన్ ప్రకారం గదిని లోపలినుంచి లాక్ చేసుకోవచ్చు, కానీ తియ్యడానికి తాళంచెవి, పనిముట్టు, ముందుగా నేర్చుకోవడం ఏవీ అక్కర్లేకుండా ఉండాలి, ఆ తీసే నాబ్ నేలనుంచి 34 నుంచి 48 అంగుళాల ఎత్తు మధ్యలోనే ఉండాలి, బయటినుంచి స్టాఫ్ తాళంచెవితో తియ్యగలగాలి. ఇంత పట్టుదల ఎందుకంటే వాళ్ళు కాలి నేర్చుకున్నారు. 1903లో షికాగోలో ఇరాక్వాయ్ థియేటర్ అంటుకున్నప్పుడు 600 మందికి పైగా పోయారు, కొన్ని తలుపులకి జనం ఎప్పుడూ చూడని రకం గడియలుంటే ఎలా తియ్యాలో తెలీక అక్కడే ఆగిపోయారు.

మీరు కొనాల్సింది మామూలు మోర్టైజ్ లాకే, అంటే తలుపు మందంలోకి దింపి బిగించేది, లోపల నాబ్, బయట తాళంచెవి రకం. షాపులో ఒక్కటి మాత్రం చేసి చూడండి: లాక్ వేసి లోపలి హ్యాండిల్ నొక్కితే, హ్యాండిల్‌తో కదిలే నాలుకతో పాటు లాక్ గడియ కూడా వెనక్కి వస్తోందా లేదా? చాలావాటికి రాదు, ముందు నాబ్ తిప్పి తర్వాత హ్యాండిల్ నొక్కాలి, కంగారులో పిల్లలకి ఆ రెండు పనులూ తోచవు. ఒక్క నొక్కుకి రెండూ వచ్చేదే కావాలని అడగండి, లేదంటే ఆర్డర్ పెట్టించండి.

ఇక మన స్కూళ్ళలో బయటవైపు ఉండే ఆల్‌డ్రాప్, అదే అడ్డంగా లాగి తాళం వేసే పెద్ద గడియ, దాని గురించి ఎవరూ అడగరు గానీ నాకు కడ్డీ కంటే అదే భయం. గదిలో పిల్లలుండగా ఎవరో ఆకతాయి బయట గడియపెట్టి పోతే? పగలంతా అది లాగకుండా పక్కకి తిప్పి కట్టేయించండి, సాయంత్రం స్కూలు మూసేటప్పుడే వాడండి.

ప్రశ్న: మా బాబు చదివే స్కూల్లో మెట్ల దగ్గర గ్రిల్ గేటుకి పొద్దున్నుంచి లంచ్ దాకా తాళం వేస్తారు సార్, పిల్లలు కిందకి పారిపోకుండా, బయటివాళ్ళు రాకుండా అని. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, ఆయనేమో టీకి వెళ్తూ ఉంటాడు. గట్టిగా అడిగితే బాబుని ఏమన్నా అంటారేమోనని భయం.
– ఒక తల్లి, రావులపాలెం

జవాబు: అమ్మా, మీ భయం అర్థమైంది గానీ అడగాల్సిందే, ఒక్కరే కాకుండా నలుగురు తల్లులు కలిసి కాయితం మీద రాసివ్వండి, అప్పుడు ఒక్క పిల్లాడి మీద పడదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్ళో ఒక స్కూల్లో మధ్యాహ్న భోజనం వంటగదిలో మొదలైన మంట తాటాకు కప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు పోయారు, పైన కిక్కిరిసిన క్లాసులు, కిందకి రావడానికి ఇరుకు మెట్లు. ఆ తర్వాత నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో దేశంలో ప్రతి స్కూలూ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోని ఫైర్ సేఫ్టీ పాటించాలని తీర్పిచ్చింది. ఆ కోడ్‌లో, 2016 ఎడిషన్‌లోనూ, ఉన్నమాట ఇదే: బయటికెళ్ళే తలుపు లోపలివాళ్ళకి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి, బయటవైపుకి తెరుచుకోవాలి, వెడల్పు ఒక మీటరుకి తగ్గకూడదు. మరి మెట్ల గ్రిల్‌కి తాళమా?

బయటివాళ్ళు రాకూడదంటే కాంపౌండ్ గేటు దగ్గర మనిషిని పెట్టమనండి, కాపలా అక్కడ. మెట్ల దగ్గర పిల్లలు పారిపోతారనుకుంటే గ్రిల్ దగ్గరగా వేసి తెరవగానే మోగే బెల్ పెట్టొచ్చు, ఖర్చు పెద్దదేం కాదు. తాళంచెవి గోడకి అద్దాల పెట్టెలో పెడతాం అంటారు, ఒప్పుకోకండి.

ప్రశ్న: మాది మామిడికుదురు వైపు హైస్కూలండి. గ్యాస్ లీకైతే తలుపులేసుకుని కూర్చోవాలా, పిల్లల్ని తీసుకుని బయటపడాలా? ఇంకోటి, వానాకాలం వస్తే తలుపులు ఉబ్బి కాలితో తన్నితే గానీ రావట్లేదు.
– ఒక టీచర్

జవాబు: మాస్టారూ, 2014 జూన్ 27 తెల్లారుజామున మీ పక్కనున్న నగరం ఊళ్ళో గెయిల్ పైప్‌లైన్ గ్యాస్ ముందు పరుచుకుని తర్వాత అంటుకుంది, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే స్కూల్లో వాసన తెలిసిందంటే బయటికే, గాలికి అడ్డంగానో ఎదురుగానో, గ్యాస్ కొట్టుకుపోయే వైపు మాత్రం వద్దు. స్విచ్చిలు వెయ్యొద్దు, ఆపొద్దు, కరెంట్ బెల్ కొట్టొద్దు, వేలాడదీసిన ఇనప గంట కూడా వద్దు, నిప్పురవ్వ చాలు. పీఈటీ గారి ప్లాస్టిక్ విజిల్ వాడండి. దూరంగా వెళ్ళాక అప్పుడు ఫోన్ తీసి 101కో 112కో చెయ్యండి. తుఫానుకి మాత్రం లెక్క తిరగబడుతుంది, గట్టి శ్లాబు గదిలోనే ఉండి తలుపులూ కిటికీలూ వేసుకోవాలి, అప్పుడు కూడా బయట గడియ పెట్టకూడదు.

ఉబ్బే తలుపు సంగతి చిన్నదేం కాదు, లాక్ ఎంత మంచిదైనా రెక్క బిగుసుకుంటే తాళం వేసినట్టే. వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించండి, కానీ నడి వానల్లో ఎక్కువ తీయించొద్దు, ఎండాకాలం చెక్క లాక్కుపోయి గడియ అందదు. రెక్క పైఅంచుకీ కిందంచుకీ మనవాళ్ళు రంగు వెయ్యరు, కనపడదు కదా అని, నీళ్ళు తాగేది అక్కడే. రెక్క ఊడదీయించి ఆ రెండంచులకీ రంగేయించండి. తలుపు పైన టవర్ బోల్ట్, అంటే పైకి తోసి పెట్టే గడియ, ఉంటే తీసేయండి, ఏడో క్లాసు పిల్లలకి కూడా అందదు, మీ ఉప్పుగాలికి ఎలాగూ తుప్పుపట్టి పట్టేస్తుంది. కొత్తది ఏం పెట్టినా ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో పెట్టండి.