2013 రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350 బైకుకి సెకండ్ హ్యాండ్ అల్లాయ్ ముందు చక్రం: డిస్క్ క్యాలిపర్‌కి రాసుకుంటోంది

సెకండ్ హ్యాండ్ ముందు చక్రం వేస్తే బ్రేక్ డిస్క్ క్యాలిపర్‌కి (డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) రాసుకుంటోందని అడిగారు. తప్పు రిమ్‌ది (టైరు కూర్చునే వలయం) కాదు, హబ్‌ది (ఇరుసు దూరే మధ్య భాగం). 19 అంగుళాల సైజు కలిసింది కదా అని మీరు కొన్నారు. రిమ్ సైజు టైరుకి సరిపోతే చాలు, ఫోర్క్‌కి (చక్రాన్ని పట్టి ఉంచే ముందు కాళ్లకి) సరిపోవాల్సింది హబ్. యాక్సిల్ (ఇరుసు) బిగిస్తే చక్రం బరువుగా తిరుగుతోందని కూడా రాశారు. అసలు ఆధారం అదే.

1. చక్రం విప్పి బేరింగ్ మీద నంబరు చదవండి. 6302 అయితే లోపలి రంధ్రం 15 మి.మీ., 6004 అయితే 20. రెండింటికీ బయటి వ్యాసం 42 మి.మీ.యే, అందుకే మోసపోతాం. మీ యాక్సిల్‌ని వెర్నియర్‌తో (మందం కచ్చితంగా కొలిచే పరికరం) కొలిచి పోల్చండి.

2. అందరూ మర్చిపోయేది ఇదే: రెండు బేరింగుల మధ్య హబ్ లోపల ఉండే గొట్టం. అది పొట్టిగా ఉన్నా, అసలు లేకపోయినా, నట్టు బిగించేకొద్దీ బేరింగులు పక్కనుంచి నలుగుతాయి. వదులు చేస్తే తేలిగ్గా, బిగిస్తే బరువుగా తిరిగితే అనుమానమే అక్కర్లేదు. కొలిచి, సరైన పొడవులో లేత్ షాపులో చేయించండి.

3. ఆ తర్వాతే డిస్క్ సంగతి. హబ్‌కీ ఫోర్క్‌కీ మధ్య ఉండే బయటి స్పేసర్లలో (దూరం నిలిపే గొట్టం ముక్కలు) ఒకవైపు ఎంత తగ్గిస్తే రెండోవైపు అంత పెంచాలి. 1 మి.మీ. అయితే ఫర్వాలేదు. అంతకు మించితే చక్రం మధ్యలో ఉండదు, అమ్మినవాడికి తిరిగి ఇచ్చేయండి.

డిస్క్ బోల్టుల కింద వాషర్లు పెడదామని మెకానిక్ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. బ్రేకు విషయం అది.

వెనక చక్రం కూడా మారిస్తే ఇలాగే కొలిచి చూడండి, పైగా చైన్ తిరిగే రెండు స్ప్రాకెట్లూ (పళ్ల చక్రాలు) ఒకే వరసలో ఉన్నాయో స్కేలు ఆనించి చూడండి.